బెంగకి ఏ కోడ్ వెయ్యాలి?

పర్లాకిమిడిలో మా వాళ్ళ పెళ్ళిళ్ళకి వెళ్తే ఈ మధ్య నన్ను మొదట అడిగేది "పెళ్ళెప్పుడు?" అని కాదు. అది రెండో ప్లేసుకి దిగిపోయింది. మొదటిది "ఏటమ్మా, నువ్వు డాక్టరువా కాదా, తేల్చి చెప్పు". మొన్న బంతిలో మా మేనత్త నా పక్కనే కూర్చుని, విస్తట్లో పప్పు కలుపుకుంటూ, చుట్టుపక్కల పది మందికి వినపడేలా అడిగింది: "అన్నేళ్ళు చదివావు కదా, మందులు రాస్తావా?" రాయను అత్తా. "సూది మందేస్తావా?" అదీ లేదు. "మరి ఏటి చేస్తావు?" మాట్లాడతాను. అత్త పప్పు కలపడం ఆపేసింది. "మాటలకి కూడా డబ్బులిస్తారా?" అని సాంబారు వడ్డిస్తున్న కుర్రాడి వైపు చూసింది, వాడేమైనా సాక్ష్యం చెప్తాడేమో అన్నట్టు.

ఇది సగం అత్త కోసం రాస్తున్నాను, సగం "అక్కా, క్లినికల్ సైకాలజీ చెయ్యాలంటే ఎలా" అని మెసేజీలు పెట్టే పిల్లల కోసం. అత్త ఎలాగూ చదవదు. ఆవిడకి తెలుగు మాట్లాడ్డమే వచ్చు, బడిలో నేర్పింది ఒరియా. మా వైపు చాలా ఇళ్ళల్లో ఇంతే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు మేం గీతకి ఇటు పడ్డాం, పాతపట్నం అటు పడింది, మధ్యలో ఆటో ఛార్జీ తప్ప పెద్ద దూరం లేదు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒరియా, టీవీలో హిందీ, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నాకు మా నాన్నమ్మ నేర్పింది, పాతపట్నం నుంచి వచ్చే సరుకులకి చుట్టిన పాత పేపర్లు ముందేసుకుని. అప్పుడు విసుగ్గా ఉండేది. తర్వాత ఎక్కడ పనికొచ్చిందో చెప్తాను.

ముందు అందరూ కలిపేసేది విడదీస్తాను. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చేసి ఆ పైన ఎండీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు అంటే సైకాలజీలో ఎం.ఏ. గాని ఎమ్మెస్సీ గాని చేసి, ఆ మీద రెండేళ్ళ ఎం.ఫిల్ ఆసుపత్రిలోనే, పేషెంట్ల మధ్యే, సీనియర్ల పర్యవేక్షణలో చేసిన మనిషి. మేం టెస్టులు పెడతాం, థెరపీ చేస్తాం, మందులు రాయం. నా దాకా వచ్చేసరికి డిగ్రీ మూడు, పీజీ రెండు, ఎం.ఫిల్ రెండు, మొత్తం ఏడేళ్ళు. ఆ ఎం.ఫిల్‌కి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తింపు ఉండాలి. పాసయ్యాక ఆర్‌సీఐ రిజిస్టర్‌లో పేరెక్కాలి. అది లేకుండా ప్రాక్టీసు చేస్తే 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఏడాది వరకూ జైలు, లేదా వెయ్యి రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలకి బరంపురంలో పట్టుచీర కొంగు కూడా రాదు. అందుకే వారాంతపు కోర్సు ఒకటి చేసి "సైకాలజిస్ట్" అని బోర్డు పెట్టేసుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, వాళ్ళకేం భయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో విడిగా రాసింది: ఎం.ఫిల్ రెండేళ్ళూ ఫుల్‌టైమ్ ఉండాలి, అందులో పర్యవేక్షణతో కూడిన క్లినికల్ శిక్షణ ఉండాలి. ఇంట్లో కూర్చుని వీడియోలు చూసి అయ్యేది కాదు.

నేను దీన్లోకి ఏ గొప్ప ఆశయంతోనూ రాలేదు. డిగ్రీలో అడిగిన సబ్జెక్టు దొరకలేదు, సైకాలజీలో ఖాళీ ఉంది, చేరాను. పీజీ రెండో ఏడాది ప్రాక్టికల్స్‌లో ఒక వార్డు చూపించారు, అక్కడ పట్టుకుంది. ఎం.ఫిల్‌కి ఒక్కో చోట ఉండేది గుప్పెడు సీట్లు, రాత పరీక్ష, ఆ పైన ఇంటర్వ్యూ. మొదటి ఏడు రెండు చోట్ల రాసి రెండు చోట్లా పోయింది. రెండో ఏడు ఒడిశాలోనే ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో వచ్చింది. పేరు రాయను, ఎందుకంటే తర్వాత కొంచెం తిట్టబోతున్నాను. ఇంటర్వ్యూలో ఎన్ని భాషలొచ్చు అని అడిగితే ఛాతీ విరుచుకుని నాలుగన్నాను. బోర్డులో ఒక పెద్దావిడ కళ్ళద్దాలు తీసి, "కోపమొస్తే ఏ భాషలో తిడతావు?" అంది. తెలుగులోనండి. "మరి పేషెంటు ఏ భాషలో తిడుతున్నాడో నీకు అర్థమవుతుందా?" అంది. అవుతుందని చెప్పాను, సీటు ఇచ్చారు. తర్వాత ఆవిడే నా గైడు అయింది. అవుతుందని చెప్పినందుకు రెండేళ్ళూ నా చేత వడ్డీతో సహా కట్టించుకుంది.

చదువు ఎలా ఉంటుందంటే, మొదటి ఏడు మనిషి ప్రవర్తన వెనకున్న మానసిక, సామాజిక సంగతులు, సైకియాట్రీ, స్టాటిస్టిక్స్, రెండో ఏడు మెదడు, నరాలు, సైకోథెరపీ, బిహేవియరల్ మెడిసిన్, వీటితో పాటు డిజర్టేషన్. ఇవి పరీక్ష కోసం. అసలు బతుకు ఓపీడీలోనూ వార్డులోనూ ఉంటుంది. పొద్దున్న ఒక పేషెంటుని ఇస్తారు. పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టి, బడి, పని, పెళ్ళి, తాగుడు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, అన్నీ అడిగి కేస్ హిస్టరీ రాయాలి. తర్వాత మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్, మేం ఎంఎస్ఈ అంటాం: మనిషి ఎలా కూర్చున్నాడు, ఎలా మాట్లాడుతున్నాడు, తేదీ చెప్పగలడా, లేని గొంతులు వినపడుతున్నాయా, తన జబ్బు గురించి తనకేం తెలుసు. సాయంత్రం దాన్ని గైడు ముందు పెట్టాలి. ఆవిడ ఎర్ర పెన్నుతో గీతలు కొడుతుంది. రాత్రి మళ్ళీ రాయాలి. మొదటి ఆర్నెల్లూ నేను నేర్చుకున్నది సైకాలజీ కాదు, ఎర్ర గీతలు చూసి ఏడవకుండా ఉండటం.

ఆ డిపార్ట్‌మెంట్లో తెలుగు బాగా వచ్చింది నాకొక్కదానికే. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ నుంచి ఎవరొచ్చినా, ఒరియా తడబడుతున్నారంటే చాలు, "తెలుగు కేసొచ్చింది, ఆ పర్లాకిమిడి అమ్మాయిని పిలవండి" అనేవాళ్ళు. మొదట్లో భలే గొప్పగా ఉండేది. భాషొచ్చు కాబట్టి సగం పని అయిపోయినట్టే అనుకున్నాను. నేను చేసిన తప్పులన్నీ ఆ ధీమాలోంచే వచ్చాయి. (ఇక్కడ చెప్పేవాళ్ళ ఊళ్ళూ వయసులూ మార్చాను.)

కాశీనగర్ వైపు నుంచి ఒక రైతుని తీసుకొచ్చారు, అరవై దాటిన మనిషి. భార్య పోయాక ఊళ్ళో అందరి మీదా అనుమానం, రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని పొలం గట్టు దగ్గర కాపలా, "గట్టు రాళ్ళు జరిపేస్తన్నారు" అని గొడవ. ఎంఎస్ఈలో ఒక మెట్టు ఉంటుంది, సామెత చెప్పి అర్థం అడగడం. మాటని మాటగానే పట్టుకుంటున్నాడా, దాని వెనకున్న భావం అందుకుంటున్నాడా చూస్తాం. పైపై అర్థం దగ్గరే ఆగిపోతే ఫైల్లో "కాంక్రీట్" అని రాస్తాం, అది కొన్ని జబ్బులకి ఒక గుర్తు. నేను ఇంగ్లీషు పుస్తకంలోది వదిలేసి, మంచి తెలుగు సామెత వేశానని మురిసిపోతూ, "తాతా, అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు కదా, అంటే ఏంటి?" అన్నాను.

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "అడుసు తొక్కకపోతే ఊడుపులు ఎవులు ఊడుస్తారు, మీ అయ్యా?"

నేను బుద్ధిగా "కాంక్రీట్" అని రాసుకున్నాను. సాయంత్రం గైడుకి ఆ సామెత, ఆ జవాబు ఒరియాలో చెప్పాల్సి వచ్చింది. ఆవిడ ముందు పడీ పడీ నవ్వింది, తర్వాత నవ్వాపి నా ఫైలు మూసేసింది. జీవితమంతా మోకాలి లోతు బురదలో నిలబడి బతికిన మనిషిని బురద తొక్కడం దేనికని అడిగావు, ఆయన సరిగ్గానే చెప్పాడు, కాంక్రీట్ అయింది నువ్వు, పో, ఆయన చేతి పనికి సంబంధం లేని సామెత అడుగు, అంది. మర్నాడు వెళ్ళి "మొక్కై వంగనిది మానై వంగునా" వేశాను. ఆయన చాలాసేపు కిటికీ వైపు చూసి, "నా కొడుకు సంగతే గదమ్మా నువ్వు అడగతన్నావు, నీకెవులు సెప్పారు?" అన్నాడు. అక్కడి నుంచి రెండు గంటలు. కొడుకు, కోడలు, కాగితాల మీద వేయించుకున్న వేలిముద్ర, పక్క పొలం వాడితో బేరం. గట్టు నిజంగానే కొంత జరిగిందని తర్వాత తమ్ముడొచ్చి చెప్పాడు. అలా అని ఆయనకి జబ్బు లేదని కాదు. తాగే నీళ్ళలో ఏదో కలుపుతున్నారనీ, గోడ అవతల మాట్లాడుకునేది తన గురించేననీ కూడా నమ్మేవాడు, వాటికి మందులు అవసరమయ్యాయి, వాడాక తగ్గాయి. కానీ ముందు రోజు నా కాగితం ప్రకారం గట్టు కూడా భ్రమే, సామెత కూడా భ్రమే.

వందలోంచి ఏడు, ఏడు తీసేస్తూ పోవడం కూడా అంతే. ధ్యాస ఎంతసేపు నిలుస్తుందో చూడటానికి అడుగుతాం. బరంపురంలో కూరగాయలమ్మే ఒకామె తొంభైమూడు దగ్గరే ఆగిపోయింది. "వంద నోటిచ్చి ఏడ్రూపాయల కొత్తిమీర కొన్నాను, చిల్లరెంత? మళ్ళీ ఏడ్రూపాయలది కొన్నాను, ఇప్పుడెంత?" అని అడిగితే నేను కూడేలోపు రెండు దాకా దిగిపోయి, "అయినా ఏడ్రూపాయలకి కొత్తిమీర ఎక్కడొస్తంది?" అని ఎదురు అడిగింది.

టెస్టుల సంగతి ఇంకా కష్టం. రోర్షాక్ సిరా మరకల కార్డులు, పదీ, ఎక్కడైనా అవే, 1921 నాటివి, వాటికి భాష అక్కర్లేదు, జవాబుకే కావాలి. కానీ పిల్లల తెలివిని కొలిచే పరీక్షలు? బినే-కామత్‌ని కామత్ గారు కన్నడ, మరాఠీ పిల్లల కోసం తయారుచేశారు. ఎంఐఎస్ఐసీని నాగపూర్‌లో మాలిన్ గారు. వాటితో ఒడిశా ఆసుపత్రిలో కూర్చుని, ఇంట్లో తెలుగూ బళ్ళో ఒరియా మాట్లాడే పదేళ్ళ కుర్రాడికి టెస్టు పెట్టాలి. అప్పటికప్పుడు నోటికొచ్చినట్టు అనువాదం చేసి అడగటం తప్పని పుస్తకంలో రాసి ఉంటుంది, మరి ఏం చెయ్యాలో రాసి ఉండదు. అందుకే భాటియా బ్యాటరీ అంటే నాకు ప్రాణం. 1955 నాటిది, రంగు చెక్కలు పేర్చడం, పెట్టెలో పలకలు జరపడం లాంటివి ఉంటాయి, చదువు రాని పిల్లలకీ పెట్టొచ్చు. దాంట్లోనూ లోపాలున్నాయి, పాతబడిపోయింది. అయినా చెక్కముక్క చేతికిస్తే పిల్లాడి ముఖంలో బెరుకు కరుగుతుంది, అది నేను చాలాసార్లు చూశాను. ఒకసారి రాయగడ వైపు నుంచి వచ్చిన తల్లికి ఐక్యూ నెంబరు అలాగే అంకెగా చెప్పేశాను. ఆమె "వందకి అరవై అంటే పాసే కదమ్మా" అని సంతోషపడింది. అది వందకి వేసే మార్కు కాదని ఆ తర్వాత వివరించడానికి నాకు గంట పట్టింది, ఆమె ముఖం మారడం చూస్తూ. అప్పటి నుంచి అంకె నోట్లోంచి రానివ్వను. వాడు ఏం చెయ్యగలడు, దేనికి సాయం కావాలి, అదే చెప్తాను.

ఇక బెంగ.

గోపాల్‌పూర్ దగ్గర్లోని ఒక మత్స్యకారుల పల్లె నుంచి ఒకామె వచ్చింది, యాభై దగ్గర వయసు. ఆ తీరంలో చేపలు పట్టేవాళ్ళల్లో మనవాళ్ళే ఎక్కువ, ఒరియావాళ్ళు నోలియాలంటారు, ఇంట్లో మాట తెలుగు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో రెండేళ్ళ చీటీలు. ఈసీజీలు మూడు, కడుపు స్కానింగు ఒకటి, గ్యాస్ మాత్రల ఖాళీ పట్టీలు కూడా దాచింది, డాక్టరు అడుగుతారేమోనని. ఏమైందమ్మా అంటే, "గుండె జారిపోతన్నట్టుంటాది, నిద్దర నేదు, కూడు సయించదు, బెంగెట్టేసింది." కొడుకు సూరత్ వెళ్ళి ఏడాదిన్నర. గంజాం నుంచి సూరత్ మగ్గాలకి వెళ్ళని కుటుంబం వెతకాలి కాబట్టి నాకు కథ అర్థమైపోయింది. కుంగుబాటు ఎంతుందో కొలిచే హామిల్టన్ స్కేలు పెట్టాను, మార్కులొచ్చాయి. ఫైల్లో "ముఖ్య ఫిర్యాదులు, పేషెంటు సొంత మాటల్లో" అని ఒక ఖానా ఉంటుంది. దాంట్లో ఇంగ్లీషులో డిప్రెస్డ్ మూడ్, డిస్టర్బ్డ్ స్లీప్ అని రాశాను. కింద ఐసీడీ-10 కోడ్ (ప్రతి జబ్బుకీ ఒక నెంబరిచ్చే అంతర్జాతీయ జాబితాలోది), ఎఫ్32, డిప్రెసివ్ ఎపిసోడ్. పావుగంటలో అయిపోయింది.

గైడు ఆ ఖానా మీద పెన్ను పెట్టి, "ఈమె డిప్రెస్డ్ మూడ్ అందా?" అంది.

లేదు మేడమ్, బెంగ అంది.

"బెంగ అంటే?"

శాడ్‌నెస్ అన్నాను. తర్వాత కాదు, వర్రీ అన్నాను. ఆ తర్వాత హోమ్‌సిక్‌నెస్ అన్నాను, అదీ సరిపోలేదు, ఇల్లు వదిలి వెళ్ళింది కొడుకు గాని ఈమె కాదు కదా. ఒరియాలో వెతికాను. ఆవిడ ఓపిగ్గా నేను అవస్థ పడటం చూసి, "ఎఫ్32 వేశావు, బాగానే ఉంది. మరి ఆమె చెప్పిన దానికి ఏ కోడ్ వెయ్యాలి?" అంది. ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని మొదటిసారి నా భాష గురించి నేను ఆలోచించాను. దిగులు ఊరికే ఉండొచ్చు. "ఎందుకో దిగులుగా ఉంది" అంటాం, ఎవరూ తిరిగి అడగరు. కానీ బెంగ ఊరికే ఉండదు. పిల్ల బెంగెట్టుకుందంటే మా నాన్నమ్మ నోట్లోంచి వచ్చే తర్వాతి మాట ఒక్కటే, "ఎవరి మీద?" బెంగ ఎప్పుడూ దేని మీదో ఒకదాని మీద ఉంటుంది. తెలుగు తెలిసిన ప్రతి ముసలమ్మా అడిగే ప్రశ్న, ఏడేళ్ళు చదువుతున్న నేను అడగలేదు. కొడుకు మీద అని నేనే నింపేసుకున్నాను.

మర్నాడు అడిగాను. "ఎవరి మీదమ్మా బెంగ?"

"ఇంటి మీద."

పాత ఇంటి మీద. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, ఆమె ఇల్లు పోయింది. తర్వాత ఒడ్డుకి దూరంగా పక్కా ఇల్లొచ్చింది. మంచి ఇల్లే, స్లాబు, కరెంటు, నీళ్ళు, తిట్టడానికేం లేదంది. "సంద్రం ఇనపడదమ్మా." పుట్టిన దగ్గర్నుంచి ఆ హోరులో పడుకుంది. కొడుకు ఉన్నన్నాళ్ళూ టీవీ, ఫోను, స్నేహితులు, ఏదో ఒక చప్పుడు ఉండేది, తెలియలేదు. వాడు రైలెక్కాక ఆ ఇంట్లో రాత్రి పూట ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలో తన గుండె చప్పుడే తనకి వినపడటం మొదలైంది, దానికి భయపడి ఈసీజీలు తీయించుకుంది. ఈ ముక్క ఆమే చెప్పింది, నేను కల్పించింది కాదు. అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, దానితోనే అలలు ఎలా కొడతాయో తట్టి చూపించింది, ఒకటి పెద్దది, వెనకే రెండు చిన్నవి.

కొడుకు మీద లేదా అంటే ఉంది. కానీ వాడు రోజూ ఫోన్ చేస్తాడు, ఇల్లు చెయ్యదు కదా అంది, నవ్వుతూనే.

కోడ్ మారలేదు. ఎఫ్32 తప్పు కాదు, సైకియాట్రీ వాళ్ళు మందు మొదలుపెట్టారు, అవసరమే. మారింది థెరపీలో నేనేం చేశానన్నది. బిహేవియరల్ యాక్టివేషన్ అని ఒక పద్ధతి ఉంది, కుంగిపోయిన మనిషి వదిలేసిన పనుల్ని మెల్లగా, చిన్న చిన్న మెట్లలో మళ్ళీ రోజులోకి తేవడం. అప్పటిదాకా నేను అందరికీ ఒకే లిస్టు ఇచ్చేదాన్ని: పొద్దున్న నడక, గుడి, పక్కింటివాళ్ళతో మాటలు. ఈమెతో కలిసి వేరే లిస్టు వేశాను. సాయంత్రం ఒడ్డుకి వెళ్ళి వలలు బాగుచేసే ఆడవాళ్ళ దగ్గర గంట కూర్చోవడం, ముందు వారంలో రెండ్రోజులు. మూడో వారానికి ఎండుచేపల గంప కూడా ఎత్తింది. నిద్ర కొంత నయమైంది. నాలుగు సెషన్లు వచ్చి మానేసింది. బస్సు ఖర్చు, పైగా చేపల సీజను. పూర్తిగా తగ్గిందో లేదో నాకు తెలీదు. ఇలాంటివి మన దగ్గర చాలా అలాగే సగంలో ఆగిపోతాయి.

అప్పటి నుంచి ఆ ఖానాలో తెలుగు వాళ్ళ మాటలు తెలుగు లిపిలోనే రాయడం మొదలుపెట్టాను, ఇంగ్లీషు ఫారం మీద, ఒరియా స్టాంపు పక్కన. నాన్నమ్మ పొట్లాల కాగితాలు పనికొచ్చింది ఇక్కడే. "ఒళ్ళు తేలిపోతంది." "తల్లో పురుగు తొలుస్తంది." "అమ్మోరు ఒంటి మీదకొచ్చింది." ఈ చివరిదాన్ని మొదట్లో అయితే కచ్చితంగా డిసోసియేటివ్, అంటే మనిషి తన స్పృహ నుంచి తానే విడిపోయే జబ్బు, అని రాసి పడేసేదాన్ని. బరంపురంలో ఠాకురాణి జాతరప్పుడు పూనకం వస్తే అది జబ్బు కాదు, అందరి మధ్యా వస్తుంది, పోతుంది, మర్నాడు ఆవిడ లేచి ఇడ్లీ బండి పెట్టుకుంటుంది. జాతర కాని రోజుల్లో, వంటింట్లో, మామగారు అరిచినప్పుడల్లా వస్తుంటే అది వేరే సంగతి. స్కేళ్ళు తెలుగులోకి మార్చడమూ ఇలాగే ఉంటుంది. "జీవితంలో ఫెయిలయ్యానని అనిపిస్తుందా?" అని ఒకాయన్ని అడిగితే "లేదమ్మా, నేను ఏడో క్లాసు దాకా అన్నీ పాసే" అన్నాడు, ధీమాగా.

సవర, అంటే మా కొండల్లో గిరిజనుల భాష, మాట్లాడే పేషెంట్లొస్తే మాత్రం నేనూ చేతులెత్తేసేదాన్ని. గుణుపురం కొండల నుంచి ఒక ముసలామెని అల్లుడు తీసుకొచ్చాడు. ఆమె అయిదు నిమిషాలు ఆగకుండా, చేతులు తిప్పుతూ, మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడింది. అల్లుడు నా వైపు తిరిగి, "ఏమీ లేదంటోంది మేడమ్" అన్నాడు. మా పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు వందేళ్ళ పైచిలుకు కిందటే ఆ కొండల్లో తిరిగి సవర నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. అక్కడ పట్టుకున్న మలేరియాకి వాడిన క్వినైనుతో చెవులు పోయాయని చెబుతారు. ఆగస్టు 29న ఆయన పేరు మీద తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, దండలేస్తాం. సవర మాట్లాడే వాళ్ళ ఎదురుగా కూర్చుని వాళ్ళ మాటలోనే వినగలిగిన మనిషి నా డిపార్ట్‌మెంట్లో ఒక్కరు లేరు.

తిడతానన్నాను కదా, తిట్టేస్తాను. రెండేళ్ళలో ఒక్క రూపాయి స్టైపెండ్ లేదు, ఎదురు ఫీజే కట్టాను. స్టైపెండ్ ఇచ్చే సంస్థలు ఉన్నాయి, చేరేముందు అడగండి, సిగ్గు పడకండి. థెరపీ చెయ్యడానికి గది లేదు. ఒకే గదిలో రెండు టేబుళ్ళు, మధ్యలో బీరువా, అటు వైపు ఏడుస్తుంటే ఇటు వైపు పేషెంటు ఏడుపు ఆపేసి వినేవాడు. డిజర్టేషన్ గడువు ముందు నెల నేను రోజుకి నాలుగ్గంటలు పడుకుని ఓపీడీలో నిద్ర ఎంత అవసరమో చెప్పేదాన్ని. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి మధ్యలో వదిలేసి వెళ్ళిపోయింది, మమ్మల్ని ఎవరూ పిలిచి ఎలా ఉన్నారని అడగలేదు, మానసిక ఆరోగ్య విభాగంలో. గైడు దొరకడం మాత్రం నా అదృష్టం. అందరికీ దొరకరు.

ఇప్పుడు అందరూ అడిగేది, ఎం.ఫిల్ ఎత్తేస్తున్నారట కదా అని. నిజమే. యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనలతో ఎం.ఫిల్ డిగ్రీయే రద్దయింది. క్లినికల్ సైకాలజీకీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కీ మాత్రం 2025-26 దాకా గడువు పొడిగించారు. దాని బదులు ఆర్‌సీఐ కొత్త కోర్సులు, క్లినికల్ సైకాలజీలో ఎం.ఏ., సై.డి. (సైకాలజీలో డాక్టరేటు) లాంటివి ముందుకి తెస్తోంది. కాబట్టి నా దారి మీకు అచ్చంగా ఉండదు. పేరు ఏదైనా రెండు చూసుకోండి: ఆ కోర్సుకి, ఆ కాలేజీకి, మీరు చేరే ఏడాదికి ఆర్‌సీఐ అనుమతి ఉందా అన్నది ఆర్‌సీఐ జాబితాలోనే చూడండి, కాలేజీ వాళ్ళ పాంప్లెట్లో కాదు. పేషెంట్లు నిజంగా వచ్చే ఆసుపత్రి ఆ డిపార్ట్‌మెంట్‌కి ఉందా అన్నది ఒక రోజు వెళ్ళి ఓపీడీ బయట బెంచీ మీద కూర్చుని చూడండి. అర్ధరాత్రి పన్నెండుకి మెసేజ్ పెట్టి "అక్కా, బాగా టెన్షన్‌గా ఉంది, కోర్సు సంగతి కాదు" అనేవాళ్ళు కూడా ఉన్నారు, నేను పొద్దున్నదాకా చూడకపోవచ్చు. 14416కి ఫోన్ చెయ్యండి, టెలి మానస్, ప్రభుత్వానిదే, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

పెళ్ళి నుంచి వచ్చిన వారానికి అత్త ఫోన్ చేసింది. వాళ్ళ వీధిలో ఎవరికో నిద్ర పట్టట్లేదట, "మా మేనకోడలు మాటల డాక్టరు" అని చెప్పి నా నెంబరు ఇచ్చేసింది. మనవాళ్ళని మనం చూడకూడదు అత్తా, మాకు రూలు, బరంపురంలో నాతో చదివినమ్మాయి ఉంది, అక్కడికి పంపు అన్నాను. సరే అంది. ఇప్పటికి ముగ్గుర్ని పంపింది. ముగ్గురూ పర్లాకిమిడి అమ్మాయి మేనత్త పంపిందని చెప్పి ఫీజు ఇవ్వకుండా వచ్చేశారట.